ఏజెంట్ నంబరు నలభై ఒకటి పదవీ విరమణ

మా ఊళ్ళో ఐదు వందల మంది ఏడాది పొడవునా ఆదివారాలు అన్నం తినలేదు. రెండో శనివారాలూ తినలేదు. దసరాకి పది రోజులు, వేసవిలో ఏకబిగిన నలభై అయిదు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఒక్కరూ చావలేదు, ఒక్కరూ అర్జీ పెట్టలేదు. ఇందుకుగాను మా కళాశాలకు ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని ప్రిన్సిపాల్ గారి గదిలో గడియారం కింద వేలాడదీశారు. ఈ వ్యవహారంలో నా తప్పు కూడా ఉంది కనక జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను గంగుపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. పదిహేడేళ్ళుగా బోర్డు మీద డిమాండు గీత కిందికీ, సప్లయి గీత పైకీ గీసి, రెండూ కలిసినచోట చుక్క పెట్టి, ఇదే సమతౌల్య ధర అంటున్నాను. పదిహేడేళ్ళలో నేను ఆ చుక్క దాకా వచ్చేసరికి మేలుకుని ఉన్న విద్యార్థి ఒక్కడూ లేడు. ఆ మధ్యాహ్నం పీరియడులో నేనూ ఒకటి రెండుసార్లు చుక్క పెట్టడం మరిచిపోయాను. ఎవరూ అడగలేదు.

అలాంటి రోజుల్లో పైనుంచి సర్క్యులర్ వచ్చింది. 'ఇకమీదట అర్థశాస్త్రమును పుస్తకముల ద్వారా గాక కంప్యూటర్ అనుకరణల ద్వారా అనుభవపూర్వకముగా బోధించవలెను. ఈ విషయమున ఎట్టి అలసత్వమును సహించబడదు' అని. వ్యాకరణం సంగతి అటుంచండి, ఉద్దేశం మాత్రం బంగారం లాంటిది. ఈ అనుకరణ అంటే ఏమిటంటే, కంప్యూటర్లో ఓ బుల్లి ఊరు. ఊళ్ళో బుల్లి మనుషులు. తెర మీద చుక్కల్లా కనిపిస్తారు. వీళ్ళని ఏజెంట్లు అంటారు. ఒక్కొక్కరికీ రెండు మూడు బుద్ధులు నేర్పుతాం. ఆకలేస్తే కొనుక్కో, ఇక్కడ ఖరీదైతే పక్క కొట్టుకి పో, సరుకు మిగిలిపోతోందంటే ధర తగ్గించు. తర్వాత వాళ్ళ మానాన వాళ్ళని వదిలేసి మనం చేతులు కట్టుకుని చూస్తాం. ఎవరూ చెప్పకుండానే ధరలు లేస్తాయి, పడతాయి, కొట్లు వెలుస్తాయి, మూతపడతాయి. ఒక ఏడాది కాలం ఒక పీరియడులో గడిచిపోతుంది.

నిజం చెప్పొద్దూ, నాకు భలే నచ్చింది. నా క్లాసులో ఉన్నది పదకొండు మంది. మొదటిరోజు ఆ పదకొండు మందీ తెర చుట్టూ మూగారు. హైమ అనే అమ్మాయి, అంతవరకూ హాజరు పలకడానికి తప్ప నోరు విప్పనిది, "సార్, ఉల్లిపాయల కొట్టు మూసేశాడండీ!" అని అరిచింది. ఎందుకు మూశాడని నేనడిగాను. అంతే, అరగంట కొట్టుకున్నారు. ధర దించనందుకు అని ఒకడు, పక్కవాడు దించినందుకు అని ఒకడు. పదిహేడేళ్ళలో నా క్లాసులో మొదటి పోట్లాట అది. ఆ రోజు ఇంటికి వెళ్తూ ఈల వేశాను.

ఊహలో ఊరెందుకు, మన ఊరినే లోపలికి తీసుకొద్దామన్నాను. పిల్లలు ఫారాలు పట్టుకుని కాలేజీ గేటు నుంచి బస్టాండు దాకా రోడ్డు పక్క అమ్ముకునే అరవై ఇద్దరినీ కలిసి వివరాలు రాసుకొచ్చారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు. కొనేవాళ్ళని మాత్రం నాలుగు వందల ముప్ఫై ఎనిమిది మందిని మేమే కల్పించాం.

గేటుకి ఎడమపక్క గోడవార గోనెపట్టా పరుచుకుని టమాటాలు, వంకాయలు, పచ్చిమిరపకాయలు అమ్మే సూరీడమ్మకి నలభై ఒకటో నంబరు వచ్చింది. ఆవిడ ఆ గోడవార ఇరవై ఏళ్ళ నుంచి కూర్చుంటోంది. నేను రోజూ సాయంత్రం అరకిలో టమాటాలు కొనేది ఆవిడ దగ్గరే.

హైమ ఫారం నింపుతుంటే నేను పక్కనే ఉన్నాను.

"నీ వయసెంతమ్మా?"

"నానెరుగుదునేటే గుంటా! పెద్ద గాలివోన ఒచ్చిందే, ఆ ఏడు మా పెద్దోడు కడుపులోన ఉన్నాడు."

మా ఊరికి ప్రతి నాలుగేళ్ళకీ ఓ పెద్ద గాలివాన వస్తుంది. హైమ కాసేపు ఆలోచించి, "అరవై వేసుకోనా?" అంది.

"ఎయ్యి. ఇంకోటి ఎక్కువే ఎయ్యి. పోయేదేటుంది."

హైమ అరవై ఒకటి వేసింది. పుట్టినతేదీ తెలియనివాళ్ళకి జనవరి ఒకటి వెయ్యమని ల్యాబు మార్గదర్శకాల్లో ఉంది. వేసింది. సమాచారదాత నోటిమాటే తుది ఆధారము, వేరే రుజువు అడగరాదు అని కూడా అందులో ఉంది. చూడబోతే ఆవిడకి యాభై అయిదు దాటి ఉండవు.

ఇక్కడి దాకా కథ సుఖంగానే నడిచింది. ఇక్కడే మా సూపరింటెండెంట్ వైకుంఠరావు గారు ప్రవేశించారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. నిబంధనల పుస్తకం ఏ పేజీలో ఏముందో చూడకుండా చెప్పగలరు. చూసి చెప్పమన్నా కళ్ళజోడు జేబులోంచి తియ్యరు. ఆయన ల్యాబు గుమ్మంలో నిలబడి లోపలికి ఓ చూపు చూశారు.

"మాస్టారూ, ఇక్కడ ఐదు వందల మంది ఉన్నారని విన్నాను. రిజిస్టర్లో ఒక్కరి పేరూ లేదు."

"వాళ్ళు మనుషులు కారండీ. చుక్కలు."

"ప్రాంగణంలో ఉన్నారా లేరా?"

"ఉన్నట్టేనండీ."

"ఉన్నట్టే అనే కాలమ్ లేదండి. ఉన్నారు, లేరు. రెండే."

ఉన్నారన్నాను. మర్నాటికల్లా ఐదు వందల మందికీ రిజిస్టరు తెరిచారు. ఆ తర్వాత వచ్చిన ప్రశ్న మరీ న్యాయమైనది. సెలవురోజున పర్యవేక్షక సిబ్బంది లేకుండా ప్రాంగణంలో ఎవరూ తిరగకూడదని నిబంధన. ఆదివారంనాడు ఈ ఐదు వందల మందీ లోపల తిరుగుతుంటే, ఏదైనా జరగరానిది జరిగితే, జవాబుదారీ ఎవరు? ప్రిన్సిపాల్ డాక్టర్ హేమనళిని గారు అవునవును అన్నారు. దాంతో మా కాలేజీ క్యాలెండరు యథాతథంగా ఏజెంట్లకి వర్తింపజేశారు. పనిదినాలు నూట ఎనభై. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు. ఒంటిగంట నుంచి రెండు దాకా భోజన విరామం. ఆ గంటసేపూ ఎవరూ ఏమీ అమ్మకూడదు, కాబట్టి ఎవరికీ భోజనం దొరికేది కాదు.

నేను నవ్వి ఊరుకున్నాను. ఓ వారంలో సర్దుకుంటుందిలే అనుకున్నాను. అదే నా తప్పు. నవ్వి ఊరుకునేవాళ్ళ మీదనే ఇలాంటివన్నీ నడుస్తాయని అప్పుడు నాకు తట్టలేదు.

ఏజెంటు కొనుక్కుంటేనే తింటాడని పిల్లలు ముందే రాసిపెట్టారు. సెలవురోజున గడప దాటడానికి లేదు కనక కొనడు. కొనడు కనక తినడు. చచ్చిపోవాల్సిన మాటే, కానీ చుక్కలు చచ్చిపోతుంటే చూడలేనని హైమ చావు అనేదే రాయలేదు. ఇక టమాటాలు. అవి నాలుగు రోజుల్లో కుళ్ళిపోవాలని కూడా పిల్లలు రాశారు. దసరాకి పది రోజులు మూసేస్తే గంపలకి గంపలు పోతాయి కదా అని నేను వైకుంఠరావు గారి దగ్గరికి వెళ్ళి, సెలవుల్లో టమాటాలని కూడా కుళ్ళకుండా ఆపుదామన్నాను.

ఆయన పుస్తకం తిరగేసి చూశారు. చాలాసేపు చూశారు. "టమాటాకి సెలవు మంజూరు చేసే అధికారం మనకు లేదండి" అన్నారు.

ఏడాది చివరికి ఫలితాలు వచ్చాయి. మా ఏడాది అంటే మంగళవారం మూడో పీరియడు. పళ్ళు, కూరలు, పువ్వులు, ఆకుకూరలు అమ్మే పదిహేడు మందీ దివాళా తీశారు. సెల్‌ఫోన్ కవర్లవాడు, ప్లాస్టిక్ బకెట్లవాడు బాగుపడ్డారు. తాళంకప్పలు అమ్మేవాడైతే ఊరికల్లా శ్రీమంతుడయ్యాడు. ప్రిన్సిపాల్ గారు నివేదిక చదువుతూ ఒక లైను దగ్గర ఆగి, కుర్చీలోంచి లేచారు.

"మాస్టారూ! ప్రజల ఆహార అవసరం యాభై ఒక్క శాతం తగ్గింది!"

"మేడమ్, అవసరం తగ్గలేదండీ. మనం గేటు వేసేశాం కనక తినలేదు."

"కారణాలు మన పరిధి కాదండీ. ఫలితాలు మన పరిధి. పైగా ఒక్క ఫిర్యాదు లేదు. మీరు చూడటం లేదు గానీ, ఇది చారిత్రకం."

ఇంకో చారిత్రకం కూడా జరిగింది. ఐదు వందల మంది ఏజెంట్లూ రోజూ నూటికి నూరు శాతం హాజరు. మా కాలేజీ హాజరు సగటు నలభై నుంచి ఏకంగా ఎనభైకి పాకింది. ఈ రెండు సంగతులూ పైకి వెళ్ళాయి. పైవాళ్ళు మురిసిపోయి ప్రశంసాపత్రం పంపారు, దాని నకలు మున్సిపాలిటీకి పంపారు. మున్సిపాలిటీవాళ్ళు అప్పటికే గేటు నుంచి బస్టాండు దాకా రోడ్డు వెడల్పుగా కనబడాలన్న కోరికతో ఉన్నారు. వాళ్ళు ఆ పదిహేడు మందికీ తలా ఒక కాగితం ఇచ్చారు. సూరీడమ్మ కాగితంలో ఇలా ఉంది:

'అనుకరణయందు మనుగడ సాగించలేని వ్యాపారులు వాస్తవమునందును మనుగడ సాగించలేరని శాస్త్రీయముగా రుజువైనందున, సదరు వ్యాపారులను రాబోవు నష్టమునుండి ముందుగానే కాపాడు సదుద్దేశముతో, ఏజెంట్ నం. 41ని జనవరి ఒకటవ తేదీ ఉదయము ప్రస్తుత స్థలమునుండి తొలగించబడును.'

ఆ కాగితం పట్టుకుని సూరీడమ్మ ల్యాబు దాకా వచ్చింది. ఇరవై ఏళ్ళుగా గేటు బయట కూర్చున్న మనిషి గేటు లోపలికి రావడం అదే మొదలు. చెప్పులు గుమ్మం బయట విడిచింది. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"బాబూ, నాను దివాలా తీసీసినానంట. నాకు తెలీకండా ఎప్పుడు తీసినాను?"

నేను తెర చూపించాను. గోడవార బూడిదరంగు చుక్క. బతికి ఉంటే ఆకుపచ్చ, దివాళా తీస్తే బూడిద. ఆవిడ దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"ఇది నానేనేటి?"

"నువ్వేనమ్మా. అంటే నీ లాంటిది."

ఏడాదిని మళ్ళీ మొదటినుంచి నడిపించమంది. నడిపించాను. ఆదివారం వచ్చింది, చుక్క ఇంట్లోంచి కదల్లేదు.

"ఆదోరం ఎందుకు కదల్నేదు? ఆదోరం సంత గదా!"

"సెలవు."

దసరా వచ్చింది. చుక్క పది రోజులు ఇంట్లోనే ఉంది. టమాటాలు ఎరుపు నుంచి నలుపు అయ్యాయి. సూరీడమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఓలమ్మో! పండగ పూట ఇంటికాడ కూకుందేటి బాబూ ఇది! దానికి బుర్ర నేదా? మెత్తబడ్డ కాయుంటే సాయంత్రానికి హోటేలోడికి పచ్చడికిచ్చీమని సెప్పండి. రేటు తగ్గించి ఇచ్చీమని సెప్పండి. నా గంపలో ఏనాడన్నా కుళ్ళిన కాయ సూసినారేటి మీరు?"

చూడలేదు. పదిహేడేళ్ళ నా పాఠం ఆవిడ నిలబడి నాలుగు మాటల్లో చెప్పేసింది.

ఆవిడ తెరంతా వెతికింది. "మరి మీరేరి ఇందులోన?"

"నేను లేనమ్మా. మాస్టర్లని రాసుకోలేదు."

"రోజూ అరకిలో అట్టుకెల్తారు గదా, మిమ్మల్ని రాసుకోకండా నాకు బేరాల్నేవని రాసీసుకున్నారా?" అంది. కోపంగా కూడా అనలేదు. చెప్పులు వేసుకుంటూ, "ఆ గోడ ఒగ్గీమంటే నానెక్కడికెల్తాను బాబూ. సంతలో సోటు కావాలంటే పెద్ద పెద్దోల్లే తన్నుకుంటన్నారు" అంది. నాకు సిగ్గేసింది. పాఠం బాగుందని మురిసిపోయి ఒక మనిషి కూడు మీదికి తెచ్చానని ఆ క్షణాన నాకు పూర్తిగా అర్థమైంది.

మర్నాడు ఉదయమే వైకుంఠరావు గారి ముందు కూర్చున్నాను. నలభై ఒకటో నంబరుకి ఆదివారాలూ పండగలూ పని చేసుకునే అనుమతి ఇవ్వండి, మళ్ళీ నడిపిస్తే దివాళా తియ్యదు, అప్పుడు మున్సిపాలిటీకి రాద్దామన్నాను.

"తప్పకుండా ఇవ్వొచ్చండి. నిబంధన ఉంది. ఏజెంటు స్వయంగా దరఖాస్తు పెట్టుకోవాలి."

"చుక్క దరఖాస్తు ఎలా పెడుతుందండీ?"

"అది వ్యక్తిగత విషయం. నేను జోక్యం చేసుకోను."

"పోనీ ఆవిడ తరఫున నేను పెడతాను."

"మీరామెకు బంధువులా?"

కాదన్నాను. ఆయన నొచ్చుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు, దారి దొరక్కపోతే ఆయనకీ నిద్ర పట్టదు. రిజిస్టరు తెప్పించి నలభై ఒకటో పేజీ తీశారు. వేలితో ఒక్కొక్క కాలమే దాటుకుంటూ వచ్చి, పుట్టినతేదీ దగ్గర ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"మాస్టారూ, ఈ దరఖాస్తు అవసరమే లేదు."

"అనుమతి ఇచ్చేస్తారా?"

"కాదండి. ఈమెకు అరవై రెండు నిండుతున్నాయి. ఒకటో తేదీన పుట్టినవాళ్ళు ముందు నెల ఆఖరి రోజున రిటైరవ్వాలి. డిసెంబరు ముప్ఫై ఒకటి సాయంత్రం ఐదు గంటలకి ఈమె పదవీ విరమణ."

నేను రిజిస్టరు నా వైపు తిప్పుకుని ఆ తేదీ చూశాను.

"ముప్ఫై ఏళ్ళలో ఈ కాలేజీ నుంచి సన్మానం లేకుండా ఒక్కరిని కూడా పంపలేదండి. అటెండర్ నుంచి ప్రిన్సిపాల్ దాకా. ఈమెను మాత్రం ఎందుకు తక్కువ చెయ్యాలి?" అన్నారాయన.

ప్రిన్సిపాల్ గారు ఎగిరి గంతేసినంత పని చేశారు. దేశంలోనే ప్రథమం అన్నారు. సెమినార్ హాల్లో ఫ్లెక్సీ కట్టించారు: 'ఏజెంట్ నం. 41 గారికి పదవీ విరమణ అభినందన సభ.' ఫొటో ఉండాల్సినచోట ఒక ఆకుపచ్చ చుక్క వేయించారు. బూడిదరంగు బాగుండదని. తీరా చుక్కకి దండ ఎలా వెయ్యాలన్న సమస్య వచ్చింది. అందుకని సూరీడమ్మని తీసుకురమ్మని హైమని పంపారు.

సూరీడమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. వేదిక మీద కుర్చీ అంచున కూర్చుంది. ప్రిన్సిపాల్ గారు మాట్లాడుతూ, అనుకరణ రంగంలో శ్రీమతి నలభై ఒకటి గారి సేవలు చిరస్మరణీయమన్నారు. తర్వాత వైకుంఠరావు గారు లేచారు.

"ఈమె తన సర్వీసులో ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు. ఒక్క క్యాజువల్ లీవు పెట్టలేదు. ఇంక్రిమెంటు అడగలేదు. సెలవు ఇచ్చిన రోజున ఇల్లు కదల్లేదు, అన్నం కూడా తినలేదు. ఇంతటి క్రమశిక్షణ నేను ఎవరిలోనూ చూడలేదు. విరమణ అంటే శిక్ష కాదండి. విముక్తి." ఆ మాట ఆయన రెండుసార్లు అన్నారు. ఆయనకీ ఇంకా రెండేళ్ళే సర్వీసు ఉంది.

శాలువా కప్పారు. దండ వేశారు. యాపిల్స్, బత్తాయిలు పెట్టిన పళ్ళెం ఇచ్చారు. ఇక ముఖ్యమైనది, విమోచన ఉత్తర్వు. దాన్ని వైకుంఠరావు గారు పైకి చదివి మరీ అందించారు: 'ఏజెంట్ నం. 41ని నేటి సాయంత్రము ఐదు గంటలనుండి సమస్త విధులనుండియు, బాధ్యతలనుండియు విముక్తి గావించడమైనది. సదరు ఏజెంటు పేరు రికార్డులనుండి తొలగించడమైనది.'

రెండు మాటలు మాట్లాడమని మైకు ఆవిడ ముందు పెట్టారు.

"ఇన్నాల్లు నానిక్కడ నౌకరీ సేస్తన్నానని నాకు తెల్దు బాబూ" అంది సూరీడమ్మ. ఆగి, "పింసనిత్తారేటి?" అంది.

"కొత్తగా చేరినవాళ్ళకి పాత పింఛను వర్తించదమ్మా" అన్నారు వైకుంఠరావు గారు ఆప్యాయంగా. హాల్లో ఉన్న మా స్టాఫు అందరూ గట్టిగా నిట్టూర్చారు. ఆ సభలో అందరం ఒక్కలాగా బాధపడిన ఘట్టం అదొక్కటే.

సరిగ్గా ఐదు గంటలకి హైమ తెర మీద ఆ చుక్కని తీసేసింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకోవడం చూశాను. గోడవార ఖాళీ మిగిలింది. రేపు పొద్దున గేటు దగ్గరా ఇంతే కదా అనుకున్నాను. ఆ సాయంత్రం టమాటాలు కొనలేదు. ఆవిడ మొహం చూడలేక వెనక గేటు నుంచి వెళ్ళిపోయాను.

జనవరి ఒకటిన పది గంటలకి కాలేజీకి వచ్చేసరికి గేటు దగ్గర మున్సిపాలిటీ ట్రాక్టరు ఉంది. జనం ఉన్నారు. గోడవార, ఎప్పటి చోటే, సూరీడమ్మ కూర్చుని ఉంది. గోనెపట్టా లేదు. నిన్న కప్పిన శాలువా నేల మీద పరిచి, దాని మీద టమాటాలు కుప్పలు పోసింది. సన్మానంలో ఇచ్చిన యాపిల్స్, బత్తాయిలు కూడా ఓ వైపు పెట్టింది. బేరానికి.

"అమ్మా లెగు. ఆర్డరుంది" అంటున్నాడు మున్సిపాలిటీ మేస్త్రీ.

"ఎవులికి?"

అతను కాగితం చూసుకున్నాడు. "ఏజెంట్ నలభై ఒకటికి."

"అది నిన్ననే రిటైరైపోనాది" అంది సూరీడమ్మ. రొంటినున్న ఉత్తర్వు తీసి ఇచ్చింది. మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి, కాలేజీవాళ్ళనే అడుగుదామని లోపలికి కబురు పెట్టాడు.

వైకుంఠరావు గారు వచ్చారు. కొత్త సంవత్సరం కనక చేతిలో ఎవరో ఇచ్చిన నిమ్మకాయ ఉంది. మేస్త్రీ కాగితమూ, సూరీడమ్మ కాగితమూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు. ఎండలో మేమందరం నిలబడ్డాం.

"మీ ఉత్తర్వు ఏజెంట్ నం. 41 మీద. మా రికార్డుల్లో అలాంటి ఏజెంటు లేదు. లేనివాళ్ళని తొలగించడానికి నిబంధన లేదు."

"మరి ఈవిడెవరండీ?"

వైకుంఠరావు గారు మొట్టమొదటిసారి చూస్తున్నట్టు సూరీడమ్మ వైపు చూశారు.

"ఈవిడా? ఈవిడ పబ్లిక్. పబ్లిక్ మీద మా దగ్గర ఏ ఉత్తర్వూ లేదు."

మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. ఇంకో ఆర్డరు వేయించుకుని వస్తానన్నాడు. ఏ నంబరు మీద వేయిస్తారని వైకుంఠరావు గారు అడిగారు. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని ట్రాక్టరు ఎక్కి వెళ్ళిపోయాడు. వైకుంఠరావు గారు వంగి, కిలో ఎంత అని అడిగి, బేరమాడి, అరకిలో టమాటాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు ఆయన మొహంలో ఏదైనా కనిపిస్తుందేమోనని వెతికాను. ఏమీ కనిపించలేదు.

ఆ మధ్యాహ్నానికే ఆయన గది ముందు వరస మొదలైంది. అరటిపళ్ళాయన, పువ్వులావిడ, తోటకూర కట్టల ముసలాయన. అందరి చేతుల్లోనూ మున్సిపాలిటీ కాగితాలే. అందరూ ఒకటే మాట: వయసు తప్పు పడింది బాబూ, దిద్దండి. సమాచారదాత నోటిమాటే తుది ఆధారం కనక వైకుంఠరావు గారు దిద్దారు. జామకాయల బండి కుర్రాడికి మీసం కూడా సరిగ్గా రాలేదు. "అరవై రెండు" అన్నాడు. "నిండాయా?" అన్నారాయన. "నిండిపోనాయండి" అన్నాడు వాడు. ఎందుకైనా మంచిదని తాళంకప్పలవాడూ, సెల్‌ఫోన్ కవర్లవాడూ, మిగతావాళ్ళూ కూడా వచ్చి రిటైరయ్యారు. ఇంతమందికి శాలువాలు కొనలేక ప్రిన్సిపాల్ గారు ఉమ్మడి సభ పెట్టి ఒకే పెద్ద దండతో అందరినీ చుట్టించారు.

సంక్రాంతి సెలవులు ఇచ్చేలోగా మా ల్యాబులో అమ్మేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. కొనేవాళ్ళు నాలుగు వందల ముప్ఫై ఎనిమిది మందీ క్రమశిక్షణతో పొద్దున పదింటికి ఇళ్ళలోంచి బయల్దేరి, ఖాళీ రోడ్డు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగి, ఐదింటికి ఇళ్ళకి వెళ్ళిపోతున్నారు. ధరలు పైసా పెరగలేదు. ఆహార అవసరం సున్నాకి వచ్చేసింది. రెండో ప్రశంసాపత్రం వచ్చింది. గడియారం కింద చోటు చాలక ప్రిన్సిపాల్ గారు గడియారాన్ని తీయించారు.

నా పదకొండు మందికీ ఇప్పుడు పాఠం గోడవార జరుగుతోంది, ఆదివారాలు. హైమ రెండు ఆదివారాల్లో తూకం నేర్చుకుంది. మెత్తబడ్డ కాయకి ఏ వేళకి ధర తగ్గించాలో సూరీడమ్మ చెబితే పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. ఒక్కడూ నిద్రపోవడం లేదు. నేను చివర్న కూర్చుని వింటాను.

మొన్న మరో సర్క్యులర్ వచ్చింది. విక్రయదారులు లేకపోయినను అనుకరణ ఇంత విజయవంతముగా సాగుచున్నందున, తదుపరి దశలో విద్యార్థులు లేకుండా బోధన ఎట్లు సాగునో పరీక్షించుటకై, ఉపాధ్యాయులను ఏజెంట్లుగా నమోదు చేయవలెనని. నన్ను పిలిపించారు. వైకుంఠరావు గారు కొత్త రిజిస్టరు తెరిచి, మొదటి పేజీలో గీతలు కొట్టి, నా పేరు రాసుకున్నారు. బల్ల కింద సంచిలోంచి టమాటాలు కనిపిస్తున్నాయి.

"వయసు?"

నాకు నలభై ఏడు. నా సర్వీసు రిజిస్టరు ఆయన బీరువాలోనే, ఆయన చేతిరాతలోనే ఉంది.

"అరవై ఒకటీ పదకొండు నెలలండీ" అన్నాను.

ఆయన కళ్ళజోడు మీదుగా నన్ను ఒక్క క్షణం చూశారు. తర్వాత తల వంచుకుని, గుండ్రటి అక్షరాలతో అలాగే రాసుకున్నారు.